డబ్లిన్ నుంచి హైదరాబాదుకు పది గంటలు

డబ్లిన్ నుంచి హైదరాబాదుకు ఎంత దూరమని ఎవరైనా అడిగితే నా దగ్గర రెండు జవాబులున్నాయి. మొదటిది కంప్యూటర్ చెప్పేది. రెండు ఊళ్ళ పేర్లూ కొడితే చాలు, ఎనిమిది వేల కిలోమీటర్ల పైచిలుకు, తిన్నగా ఎగిరితే పది గంటలు అని క్షణంలో చూపిస్తుంది. రెండోది నేను వచ్చిన దూరం. అది చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పుకురావాలి.

ముప్పై రెండేళ్ళు హనుమకొండ సర్కారు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో నాకే గుర్తులేదు. పంచాంగం కూడా అంతే శ్రద్ధగా చూస్తాను. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇముడుతాయని మా అల్లుడు నవ్వుతుంటాడు. ఇన్నేళ్ళూ బాగానే ఇమిడాయి. తంటా ఐర్లండులో వచ్చింది.

షానన్

మా అమ్మాయి స్వప్న, అల్లుడు కిరణ్ ఉండేది షానన్‌లో. అక్కడ విమానాశ్రయం చుట్టూ కంపెనీలున్నాయి, ఒకదాంట్లో కిరణ్ ఇంజనీరు. మూడు నెలలు ఉండి, మనవరాలు మీనూతో ఆడుకుని వద్దామని జనవరిలో వెళ్ళాను. మార్చికల్లా కరోనా వచ్చి పడింది. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదన్నారు, తర్వాత దయతలచి ఐదు చేశారు. విమానాశ్రయం పక్కనే ఉంటూ ఆకాశంలో విమానమన్నది కనపడకుండా రెండు నెలలు గడిపాను.

మనుషులు మాత్రం మంచివాళ్ళు. ఎదురొచ్చేవాళ్ళు రోడ్డు అవతలికి తప్పుకుంటారు, తప్పుకుంటూనే చెయ్యెత్తి పలకరిస్తారు, వాన గురించి ఓ మాట అంటారు. ఎలా ఉన్నారని అడిగితే అందరూ ‘గ్రాండ్’ అనేవాళ్ళే. కాలికి కట్టుతో కుంటుతూ పోయే ఆయన కూడా గ్రాండ్ అన్నాడు. మా మీనూకి అదే అలవాటైంది. తెలుగులో అడిగినదానికి వాళ్ళ ఇంగ్లీషు యాసలో ‘ఐయామ్ గ్రాండ్, అమ్మమ్మా’ అని పరుగెత్తుతుంది. గుప్పెడు కరివేపాకు రెండు యూరోలు. అది విన్న రోజు నుంచి పులుసులో తేలిన ఆకును కూడా పారేయకుండా నమిలాను.

మాకు తూర్పున పక్కిల్లు నోరాది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఒక్కతే ఉంటుంది. డెబ్బై దాటినవాళ్ళు వీలైనంతవరకు ఇంట్లోనే ఉండాలని ప్రభుత్వం చెప్పడంతో గోడ అవతల కుర్చీ వేసుకుని కూర్చునేది, నేను గోడ ఇవతల. నా బడిపంతులమ్మ ఇంగ్లీషు ఆమెకు అర్థమయ్యేది, ఆమె ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది. వాళ్ళింటి గుమ్మం పక్కన గోడకు ఒక చిన్న గిన్నె, అందులో చర్చి నుంచి తెచ్చిన నీళ్ళు. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా అందులో వేళ్ళు ముంచి వాళ్ళమీద చల్లుతుందట. మా అమ్మ బతికుంటే ఈవిడతో భలే పొత్తు కుదిరేదనుకున్నాను.

ఏప్రిల్‌లో హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. మా అక్క మాణిక్యానికి గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేయాలి, తీసేశాక మాట ఉండదు, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టర్లు. కరోనా గొడవలో ఆపరేషన్‌కు జూన్‌లో గాని రోజు దొరకలేదు.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. తన చదువు ఒకటో తరగతి సగంలోనే ఆగింది. అమ్మ పోయాక బీడీలు చుట్టి నన్ను చదివించింది. నేను టీచరునయ్యాను, తనకు మాత్రం సంతకం తప్ప రాయడం రాదు. వచ్చే సెలవుల్లో నేర్పుతానని ఎన్నిసార్లు అన్నానో. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పినదాన్ని, ఇంట్లో అక్కకు చెప్పలేకపోయాను. ఇది తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

కబురు తెలిసిన మర్నాడు అక్కే ఫోన్ చేసింది. అప్పటికే గొంతు బొంగురుపోయింది.

“సరళా, నీకొక ముచ్చట చెప్పాలె. నీకొక్కదానికే.”

“చెప్పక్కా, ఇంటున్న.”

“ఫోన్ల చెప్పేది గాదే. ఈ ఫోను అందరికి ఇనవడ్తది. నువ్వు రా. మాట ఉండంగనే చెప్పుకుంట.”

“ఎట్లనన్న చేసి వస్తక్కా.”

“ఆడికెంత దూరమే?”

“పది గంటలక్కా. తిన్నగ ఎగిరొస్తె పది గంటలే.”

“గంతేనా? పొద్దుగాల ఎక్కితె రాత్రికి దిగుతవ్. మరింక రా.”

ఆ మాట ఏమిటో నాకు తెలియదు. అరవై ఏళ్ళలో అక్క నా దగ్గర దాచిన విషయం ఒకటుందన్నదే కొత్త. ఫోనులోనే చెప్పమని బతిమాలినా వినలేదు.

మే నెలలో ఆ దారి దొరికింది. విదేశాల్లో చిక్కుకుపోయినవాళ్ళను తీసుకెళ్ళడానికి డబ్లిన్ నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాదుకు ఒక ప్రత్యేక విమానం వేశారు. నాకు సీటు వచ్చింది. లెక్క కట్టాను. దిగాక పద్నాలుగు రోజులు హోటల్లో ఉండాలి. అది పోగా ఆపరేషన్‌కు ముందు అక్కతో తొమ్మిది రోజులు మిగులుతాయి. తొమ్మిది రోజులు చాలనుకున్నాను.

చిక్కల్లా ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు గడప దాటి దూరప్రయాణానికి బయల్దేరడం మా ఇంటావంటా లేదు. దీనికి పెద్దవాళ్ళు పెట్టిన ఉపాయం ఉంది, ప్రస్థానం. ముందుగా ఒక మంచిరోజు చూసి, వెళ్ళే దిక్కుగా ఉన్న పొరుగింట్లో మన మూట పెడితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు. అసలు రోజున మూట తీసుకుని పోవడమే, ఇక దోషం లేదు. నాలుగు రోజుల ముందు మంచి ఘడియ ఉంది, తూర్పున నోరా ఇల్లుంది. ఇంకేం కావాలి? ఒక సంచిలో చీర, పసుపు కలిపిన బియ్యం పెట్టాను. తర్వాత పాస్‌పోర్టు పెట్టాను.

“అత్తమ్మా, పాస్‌పోర్టెందుకు దాంట్ల?” అన్నాడు కిరణ్. “రెండు చీరలు పెట్టుండ్రి, సరిపోదా?”

“ఉత్త చీరలు పెట్టి ఎవర్ని మోసం చేస్తం? విమానమెక్కేటప్పుడు చీర చూస్తరా, పాస్‌పోర్టు చూస్తరా? అది గడప దాటితెనే నేను దాటినట్టు.”

“అమ్మా, నువ్వు ఊకోవు గద,” అంది స్వప్న.

ఊరుకోలేదు. గోడ మీదుగా సంచి అందిస్తూ నోరాకు అంతా వివరించాను. ఇది మళ్ళీ మా ఇంటికి రాకూడదు, ఒకసారి బయల్దేరాక వెనక్కి మళ్ళకూడదు, ముందుకే పోవాలి అని నాలుగుసార్లు చెప్పాను. క్లాసులో చెప్పిన అలవాటు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. సంచి మీద గిన్నెలో నీళ్ళు చల్లి, “ఒక్క అడుగు కూడా వెనక్కి పోనివ్వను, లవ్,” అంది.

మూసిన తలుపు

విమానం మధ్యాహ్నం ఒంటి గంటకు. షానన్ నుంచి డబ్లిన్‌కు కారులో మూడు గంటలు కూడా పట్టదు. ఉదయం ఆరున్నరకు సామాను కారులో పెట్టి నోరా తలుపు కొట్టాను. పలకలేదు. కిటికీలకు తెరలు వేసి ఉన్నాయి. మళ్ళీ కొట్టాను. స్వప్న వచ్చి ఇంటి నంబరుకు ఫోన్ చేసింది. లోపల మోగుతున్న చప్పుడు మాకే వినిపించింది.

ఎదురింటాయన డ్రెస్సింగ్ గౌనులోనే బయటికొచ్చి చెప్పాడు. నిన్న సాయంత్రం కొడుకు డెక్లన్ వచ్చి, ఈ రోజుల్లో నువ్వొక్కదానివే ఉండొద్దని నోరాను డండాక్‌లో తనింటికి తీసుకెళ్ళాడట. డెక్లన్ ఫోన్ నంబరు తన దగ్గర లేదన్నాడు. “వెళ్ళేటప్పుడు ఒళ్ళో ఒక సంచి పెట్టుకుంది,” అన్నాడు.

సంచి ఎలా ఉందని అడిగాను. ఎర్ర సంచి అన్నాడు. మాదే.

ముందురోజు సాయంత్రం స్వప్న ఒకసారి వెళ్ళి చూసొస్తానంటే, ప్రస్థానం పెట్టాక ఊరికే దాని చుట్టూ తిరగకూడదని ఆపింది నేనే. నోరా మా ఇంటి ఫోనుకు రెండుసార్లు చేసిందని తర్వాత తెలిసింది. ఆ ఫోను మోగితే ఏదో అమ్ముకునేవాళ్ళేనని మేం ఎత్తం. నోరా మొబైల్ ఆపేసి ఉంది. గంటన్నర పాటు తెలిసినవాళ్ళందరినీ అడిగాం. ఎనిమిదికి కిరణ్ తాళాలు తీసుకుని లేచాడు. “డండాక్ ఎట్లయినా డబ్లిన్ అవతలనే. నడవండి అత్తమ్మా, దారిల దొరుకుతదేమో చూద్దాం,” అన్నాడు. పాస్‌పోర్టు లేకుండా, అది ఏ వీధిలో ఉందో తెలియకుండా, అమావాస్య నాడు గడప దాటాను.

లిమరిక్ దాటాక

లిమరిక్ దాటగానే రోడ్డు మీద గార్డాలు ఆపారు. అంటే అక్కడి పోలీసులు, జనం ‘గార్డ్స్’ అంటారు. పాతికేళ్ళ పిల్ల, టోపీ కింద ఎర్ర జుట్టు. ఎక్కడికని అడిగింది. టిక్కెట్ కాగితం చూపించాను. అక్క ఆపరేషన్ అని కూడా చెప్పాను, అడగకపోయినా. ఆ పిల్ల రెండడుగులు వెనక్కి జరిగి, “సేఫ్ హోమ్,” అంది. క్షేమంగా ఇల్లు చేరండి అని. వాళ్ళ దేశంలో వెళ్ళేవాళ్ళతో అనే మాట అది. మనం పోతున్నాననకుండా వెళ్ళొస్తానంటాం, అంటే తిరిగి వచ్చే మాట పోయేవాళ్ళు చెబుతారు. వాళ్ళలో ఇల్లు చేరమని ఉండిపోయేవాళ్ళు చెబుతారు. మరో రోజైతే ఈ తేడా గురించి కిరణ్ బుర్ర తినేదాన్ని. ఆ రోజు గడియారమే చూసుకున్నాను.

రోడ్డు ఖాళీ. ఎంత ఖాళీ అంటే, పచ్చిక మీద ఆవులు తలలెత్తి మా కారును చూశాయి. పోర్ట్‌లీష్ దగ్గర పెట్రోలు కోసం ఆగితే కిరణ్ నాకు టీ తెచ్చాడు. రెండున్నర యూరోలు. ఆ డబ్బుకు హనుమకొండ చౌరస్తాలో పాతిక మందికి చాయ్ పోయించవచ్చు. చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకున్నాను.

అక్కడే, తొమ్మిదిన్నరకు, నోరా ఫోన్ ఎత్తింది. ఎంత సంతోషంగా పలికిందో ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“ఎక్కడిదాకా వచ్చారు? నీ సంచి భద్రంగా ఉంది. మీ గుమ్మం ముందు పెట్టేసి పొమ్మన్నాడు డెక్లన్. కుదరదన్నాను. వెనక్కి పోకూడదని నువ్వు చెప్పావు కదా! డండాక్ ముందుకే కదా, విమానాశ్రయం వైపే కదా!”

అందులో నా పాస్‌పోర్టు ఉందని నేనామెకు చెప్పనేలేదు. వెనక్కి పోకూడదని నాలుగుసార్లు చెప్పాను, లోపల ఏముందో ఒక్కసారీ చెప్పలేదు. సంచిని ఎవరైనా విమానాశ్రయానికి తేగలరా అని కిరణ్ అడిగాడు. డెక్లన్ కారు తీసుకుని పనికి పోయాడు, ఆమె కారు నడపదు. అడ్రసు చెప్పింది. కిరణ్ రాసుకుని ఇంజను స్టార్ట్ చేశాడు.

డండాక్

డబ్లిన్ చుట్టూ ఉన్న పెద్ద రోడ్డెక్కి విమానాశ్రయం బోర్డు చూస్తూనే దాటిపోయాం. అక్కణ్ణుంచి డండాక్ ఎనభై ఐదు కిలోమీటర్లు ఉంటుంది. ఎనిమిది వేల కిలోమీటర్లను ఎన్నిసార్లో భాగించి చూసుకున్నదాన్ని, ఈ ఎనభై ఐదును వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి కలుపుకోవాల్సి వస్తుందని ఏ లెక్కలోనూ రాలేదు.

డండాక్ సరిహద్దు ఊరు. అక్కడి కాలేజీలో చదవడానికి మనవైపు పిల్లలు కూడా వస్తారట. నేను చూసింది ఒక వీధి, ఒక గేటు, గేటు దగ్గర నిలబడ్డ నోరా. పదకొండుం పావు. నా సంచి గుమ్మం లోపల ఒక కుర్చీ మీద ఉంది, కింద శుభ్రమైన తుండుగుడ్డ పరిచి. గేటు పక్క పిట్టగోడ మీద ట్రేలో టీ, గోధుమ రంగు రొట్టె, వెన్న. ఆ రొట్టెలో ఈస్ట్ వేయరు, సోడా వేసి ఇంట్లోనే కాలుస్తారు, షానన్‌లో గోడ మీదుగా ఎన్నోసార్లు తిన్నాను. మా కోసం తెల్లవారే లేచి చేసిందట.

నేను సంచి లాక్కున్నాను. అందుకున్నాను అని రాద్దామనుకున్నాను గాని జరిగింది అది కాదు. జిప్ తీసి పాస్‌పోర్టు బయటికి లాగేసరికి నోరా ముఖం పాలిపోయింది.

“అయ్యో, అది ఇందులో ఉందా?” అంది. “నేను తప్పు చేశానా?”

లేదు, తప్పు నాది, నేను చెప్పింది చెప్పినట్టు నువ్వు చేశావు, అనాలి నేను. ఆ నాలుగు మాటలకు పది క్షణాలు పట్టేది. “గ్రాండ్, గ్రాండ్,” అంటూ కారెక్కేశాను. అద్దంలోంచి చూస్తే నోరా ఆ ట్రే పక్కనే నిలబడి గాల్లో నీళ్ళు చల్లుతోంది. ఆవిడ రొట్టెను నేను ముట్టుకోనైనా లేదు.

డబ్లిన్ విమానాశ్రయం

పన్నెండూ ఇరవైకి చేరాం. కౌంటరు పదకొండున్నరకే మూసేశారట. జ్వరం చూడడం, కాగితాలు నింపడం ఉన్నాయి కాబట్టి ముందే మూస్తామని ముందే చెప్పారు, నాకూ తెలుసు. అయినా మాస్కు తీసి, దండం పెట్టి, అక్క ఆపరేషన్ గురించి చెప్పాను. అక్కడున్న అమ్మాయి ముందు మాస్కు పెట్టుకోమంది. తర్వాత ఎవరికో ఫోన్ చేసింది, విని, పెట్టేసి, తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూశాక ఇంకేం అడుగుతాను?

కారు పార్కింగ్ పైఅంతస్తు నుంచి విమానం లేవడం చూశాం. ఒంటి గంటా పది. పాస్‌పోర్టెందుకని ఆ రోజే అడిగాను కదా అని కిరణ్ ఒక్కసారి అని ఉంటే నాకు కొంత బరువు తగ్గేది. అతను ఊరికే నా భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఏడ్చాను.

హైదరాబాదులో అప్పుడు సాయంత్రం అయిదున్నర దాటింది. అక్క ఫోన్ చేసింది.

“ఎక్కినవా?”

“లేదక్కా. తప్పిపోయింది.”

“పోనియ్. ఇంకో బండి వస్తది,” అంది. విమానాన్ని బండి అంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చెర్రీవుడ్

ఇంకో విమానం మూడు వారాలకు గాని లేదు. షానన్ వెళ్ళిపోదామన్నాడు కిరణ్. వద్దన్నాను. బయల్దేరినదాన్ని వెనక్కి రానన్నాను. స్వప్న ఫోనులో అరిచింది. “ఇంకా అదేనా అమ్మా? అయిపాయె గద, ఇంక ఏం మిగిలిందని?” ఆమె మాటే నిజం. ఆ మూడు వారాలూ మీనూతో గడిపి ఉండొచ్చు. మళ్ళీ ఎప్పుడు చూస్తానో తెలియని పిల్లను వదిలి, చెడిపోయిన శకునాన్ని పట్టుకుని వేలాడాను.

డబ్లిన్‌కు దక్షిణాన చెర్రీవుడ్‌లో స్వప్న స్నేహితురాలు రాధిక ఉంటుంది. నరసరావుపేట పిల్ల, మొగుడూ పెళ్ళాలిద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్ళు నాకొక గది ఇచ్చారు. కొత్త అపార్ట్‌మెంట్లు, అద్దాల ఆఫీసులు, అన్నీ మూసే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే లువాస్ పోతుండేది. అది అక్కడి ట్రాము, పెట్టెలన్నీ ఖాళీ, ఎవరో ఒకరు ఒక మూల కూర్చుని.

“ఆంటీ, మీరేం మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి,” అనేది రాధిక. ఆమె పచ్చడి తింటే నా చెవుల్లోంచి ఆవిర్లొచ్చేవి. నేను సర్వపిండి చేసి పెడితే, “ఇదేంటండీ, గిన్నెకంటించి కాలుస్తారా?” అని మొగుణ్ణి పిలిచి చూపించింది. తిని మాత్రం మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ పిల్లల మంచితనానికి నేను సరిగా నవ్వు ముఖం కూడా పెట్టలేకపోయాను.

రోజూ మధ్యాహ్నం అక్క ఫోను. రోజుకో పిసరు గొంతు తగ్గిపోతోంది. చివరికి గాలి ఎక్కువ, మాట తక్కువ.

“ఇంకెన్ని దినాలే?”

“పదకొండక్కా.”

“పది గంటలంటివి గదనే.”

వేళాకోళానికే అంది, నాకు మాత్రం గుండెలో గుచ్చుకుంది. అక్కా, స్పీకరు తీసి చెవి దగ్గర పెట్టుకుని చెప్పవే, నేనొక్కదాన్నే వింటాను అన్నాను. ఎలా తీయాలో తనకు తెలియదు. ఎవరినైనా తీయమని అడిగితే ఎందుకంటారు. “వచ్చినంకనే,” అనేది ప్రతిసారీ.

నోరా కూడా ఒకరోజు ఫోన్ చేసింది. విమానం అందిందా అని అడిగింది. అందింది, అక్క దగ్గరే ఉన్నాను అని చెప్పాను. కిటికీ బయట లువాస్ గంట కొట్టింది. ఆమెకు వినపడిందో లేదో, “దేవుడు మంచివాడు,” అని పెట్టేసింది. ఆ ముసలామె తిండీ నిద్రా మానకుండా ఉంటుందని అలా అన్నాను. ఇప్పుడనిపిస్తుంది, నిజం చెప్పి క్షమాపణ అడిగి ఉండాల్సింది.

హైదరాబాదు

రెండో విమానం ఎక్కాను. దాని గురించి చెప్పడానికేం లేదు. అందరం తెల్లటి పొరల దుస్తుల్లో, ముఖాలకు ప్లాస్టిక్ రేకులతో కూర్చున్నాం. చల్లటి పులిహోర పొట్లం ఇచ్చారు. ఢిల్లీదాకా తొమ్మిది గంటలు, మళ్ళీ హైదరాబాదుకు రెండు. కంప్యూటర్ చెప్పినదానికి ఒక గంట ఎక్కువ, అంతే. విమానం తన మాట తప్పలేదు.

విమానాశ్రయం నుంచి బస్సులో తీసుకెళ్ళి ఒక హోటల్లో పెట్టారు. పద్నాలుగు రోజులు గది తలుపు దాటకూడదు. ఆ హోటల్ నుంచి అక్క ఉన్న ఆసుపత్రికి పదకొండు కిలోమీటర్లు. ఆటోలో అరగంట. కింద నిలబడ్డ కానిస్టేబుల్‌ను అడిగాను, డాక్టరును అడిగాను, ఫోనులో ఎవరెవరినో అడిగాను. అందరూ మర్యాదగానే కుదరదన్నారు. కుదరదని నాకూ తెలుసు. నా వల్ల ఆసుపత్రిలో పదిమందికి అంటుకుంటే?

ఆపరేషన్‌కు ముందురోజు అక్క ఫోన్ చేసింది. చుట్టూ కొడుకు, కోడలు, నర్సు, ఎవరెవరివో గొంతులు.

“వచ్చినవటగా. ఈ ఊర్లనే ఉన్నవట.”

“ఉన్ననక్కా. ఈడనే ఉన్న. ఇప్పుడన్నా చెప్పు, నీకు దండం పెడ్త.”

గాలి పీల్చుకోవడం వినిపించింది. తర్వాత, “అన్నం తిన్నవా?” అంది.

తిన్నానన్నాను. నేను విన్న అక్క గొంతులో చివరి మాట అది. పుట్టినప్పట్నుంచీ అడుగుతూ వచ్చిన మాటే.

హోటల్ నుంచి విడిచిపెట్టిన రోజు తిన్నగా ఆసుపత్రికి పోయాను. ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నారు కాబట్టి గదిలో మేమిద్దరమే. అక్క మెడకు కట్టు, మధ్యలో గొట్టం. చిక్కి సగమైంది. నన్ను చూసి నవ్వింది, చెయ్యి చాచింది. దగ్గరికి లాక్కుని, తలుపు వైపు ఒకసారి చూసి, పెదవులు కదపడం మొదలుపెట్టింది.

మాట లేదు, గాలి కూడా లేదు, ఉత్త పెదవులు. ఒక మాట కాదు, చాలా చెప్పింది. మధ్యలో ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. చేత్తో దూరంగా ఏదో చూపించింది, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది, నా గడ్డం పట్టుకుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాగితం ఇద్దామంటే రాయడం రాదు, నేర్పాల్సినదాన్ని నేర్పలేదు. నొప్పికి నుదుటి మీద చెమటలు పడుతున్నా చివరిదాకా చెప్పి, అర్థమైందా అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

మళ్ళీ చెప్పమని ఎలా అడగను? అర్థమైందని తలూపాను.

అక్క కళ్ళ వెంట నీళ్ళు కారాయి. దిండు మీదికి వాలి, నా చెయ్యి పట్టుకునే నిద్రపోయింది. తనకు జబ్బు చేశాక అంత నిమ్మళంగా పడుకోవడం అదే మొదలని కోడలు తర్వాత చెప్పింది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. అక్క ఇప్పుడు బాగానే ఉంది, మెత్తగా చేస్తే అన్నం తింటోంది. నేను ప్రతి ఆదివారం వెళ్తాను. అక్షరాలు నేర్పుతానని పలక పట్టుకెళితే నవ్వి పక్కన పెట్టేసింది. చెప్పాల్సింది చెప్పేశాక ఇంకెందుకని కాబోలు. నాకేమీ అర్థం కాలేదక్కా అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అంటే ఇన్నాళ్ళ తన నిశ్చింత అబద్ధమని చెప్పినట్టవుతుంది. అందుకే అనలేదు.

ఈమధ్య కొన్నిసార్లు మాటల మధ్యలో ఆగి నన్నే చూస్తుంది. చెప్పిన పని ఇంకా చేయలేదేమని అడుగుతున్నట్టు చూస్తుంది. చేస్తానక్కా, అంటాను.